రోడ్డు మీద దోపిడీ: ముందేం చేయాలి, జరిగాక ఏం చేయాలి, ఎవరిని అనుమానించకూడదు

మెడలోని గొలుసు తెంపుకొని పోవడం, చేతిలోని ఫోన్ లాక్కొని పోవడం, చీకటి సందులో అటకాయించి జేబులు ఖాళీ చేయించడం మన నగరాల్లో, పట్టణాల్లో ఎవరికైనా జరగవచ్చు. అయితే జరిగిన తరువాత తేరుకునే శక్తి మాత్రం అందరికీ ఒకే విధంగా ఉండదు. నెల జీతం ఉన్నవారు ఫోన్ పోతే బాధపడి, వాయిదాల మీద మరొకటి కొనుక్కుంటారు. పొద్దున్నే కూలీల అడ్డా మీద నిలబడే మనిషికి ఫోన్ పోతే పనికి పిలిచే మేస్త్రీల నంబర్లు పోతాయి, ఖాతాలో పడిన కూలి డబ్బు తీసుకునే దారి పోతుంది, స్టేషన్ చుట్టూ తిరిగినన్ని రోజులు ఆ రోజుల కూలి కూడా పోతుంది. అందువల్ల ఈ సూచనలను ఇద్దరినీ దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. వీటిలో ఎక్కువ వాటికి డబ్బు ఖర్చు లేదు. చాలావరకు ఒక కాగితం, ఒక కలం, కొంచెం ముందుచూపు ఉంటే సరిపోతాయి.

ఇల్లు కదలక ముందే

మొదట మీ ఫోన్ ఐఎంఈఐ సంఖ్యను, అంటే ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యను, రాసిపెట్టుకోండి. ఫోన్ చేసే చోట *#06# అని కొడితే పదిహేను అంకెల సంఖ్య కనిపిస్తుంది, రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు సంఖ్యలు వస్తాయి. దాన్ని అదే ఫోన్‌లో ఫొటో తీసి దాచుకుంటే ఉపయోగం లేదు కనుక, కాగితం మీద రాసి ఇంట్లో రేషన్ కార్డు, ఆధార్ ఉండే చోటే పెట్టండి. కొన్న బిల్లు, ఫోన్ వచ్చిన డబ్బా కూడా పారేయవద్దు. వాడిన ఫోన్ కొనేవారు బిల్లు అడిగి తీసుకోవాలి. బిల్లు లేదంటే అమ్మినవారి పేరు, తేదీ, ఐఎంఈఐ సంఖ్యతో సంతకం పెట్టిన చీటీ అయినా ఉండాలి. కొనడానికి ముందు కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ సంఖ్య వేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే ఆ ఫోన్ సంగతి తెలుస్తుంది. చవకగా వచ్చింది కదా అని కొన్న ఫోన్ దొంగసొత్తు అని తేలితే, స్టేషన్ నుంచి పిలుపు వచ్చేది ఎత్తుకెళ్ళినవారికి కాదు, ఆ ఫోన్ వాడుతున్నవారికి. అలాంటి చవక ఫోన్ కొనుక్కునేది ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

తెరకు తాళం అందరూ పెట్టుకుంటున్నారు కానీ, సిమ్‌కు పిన్ పెట్టుకునేవారు తక్కువ. ఫోన్ తాళం తెరవలేకపోయినా దొంగ మీ సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకుంటే మీ ఓటీపీలన్నీ అతనికే వస్తాయి. సెట్టింగులలో సిమ్ లాక్ అన్న చోట ఈ ఏర్పాటు ఉంటుంది. కంపెనీ ఇచ్చిన పాత పిన్ తెలియకుండా అంచనా మీద కొడితే మూడు ప్రయత్నాలకే సిమ్ బిగుసుకుపోతుంది కనుక ముందు దానిని కనుక్కొని అప్పుడు మార్చండి. తాళం వేసి ఉన్న తెర మీద మెసేజీల లోపలి మాటలు కనిపించకుండా కూడా చేసుకోవాలి. యూపీఐకి జీతం పడే ఖాతాను జోడించకుండా, చిల్లర ఖర్చుకు సరిపడే డబ్బు మాత్రమే ఉండే మరో ఖాతాను జోడిస్తే, కత్తి చూపి పంపించమని బెదిరించినా పోయేది ఆ కొంచెమే. నా దృష్టిలో ఈ ఒక్క జాగ్రత్త మిగతా యాప్ తాళాలన్నిటికన్నా విలువైనది.

నగల విషయంలో తూకం రాసిన బిల్లు, స్పష్టమైన ఫొటో రెండూ దాచండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మే బంగారు నగలపై ఆరు అక్షరాంకాల హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య తప్పనిసరి. అది మీ బిల్లు దగ్గర రాసి ఉంటే, దొరికిన గొలుసు మీదేనని నిరూపించడం ఎంతో తేలికవుతుంది. పాత నగలకు ఆ సంఖ్య ఉండదు కనుక కొక్కెం, అతుకు, లాకెట్టు వెనుక గీత వంటి గుర్తులు కనిపించేలా దగ్గరి నుంచి ఫొటో తీయాలి.

చివరగా, ఇద్దరి ఫోన్ నంబర్లు కంఠస్థం చేయండి. ఫోన్ పోయిన మనిషి పక్కవారి ఫోన్ అడిగి తీసుకుంటారు, తీసుకున్నాక ఎవరి నంబరూ గుర్తు లేక నిలబడిపోతారు.

రోడ్డు మీద

గొలుసు తెంపేవారు సాధారణంగా బైక్ మీద ఇద్దరుగా, వెనుక నుంచి, మీరు నడుస్తున్న దిశలోనే వస్తారు. మీ పక్కకు రాగానే వేగం తగ్గుతుంది, వెనుక కూర్చున్నవాడి చేయి మెడ మీద పడుతుంది, మీరు తల తిప్పేలోపు వాళ్ళు మలుపు దాటుతారు. అందుకే ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించే వైపు, వాహనాలకు వీలైనంత దూరంగా నడవాలి. హ్యాండ్‌బ్యాగు గోడ వైపు భుజానికి ఉండాలి. ఫోన్ మాట్లాడవలసి వస్తే రోడ్డు అంచున కాక, ఒక దుకాణం గుమ్మం దగ్గర ఆగి గోడకు వీపు ఆనించి మాట్లాడండి. ఆటోలో అంచున కూర్చున్నప్పుడు, రైలు నెమ్మదిగా కదులుతున్నప్పుడు ఫోన్ బయటి వైపు చేతిలో ఉండకూడదు. రైలు తలుపు దగ్గర మెట్ల మీద కూర్చొని ఫోన్ చూసుకునేవారి చేతి మీద కింద నుంచి కర్రతో కొట్టి ఫోన్ రాలగొట్టే పద్ధతి ఒకటి ఉంది. అందులో ఫోన్‌తో పాటు మనిషీ జారిపడే ప్రమాదం ఉంటుంది. రైల్లో జరిగితే 139కి ఫోన్ చేయాలి.

పెద్ద వయసు మహిళల దగ్గర మరో పద్ధతి నడుస్తుంది. మామూలు దుస్తుల్లో ఉన్న ఇద్దరు వచ్చి, “అమ్మా, మేం పోలీసులం. ముందు సందులో దొంగలు తిరుగుతున్నారు, నగలు తీసి కొంగులో కట్టుకోండి” అని మర్యాదగానే చెబుతారు. కాగితంలో పొట్లం కట్టి ఇస్తామని చేయి చాపుతారు. ఇంటికి వెళ్ళి విప్పితే రాళ్ళుంటాయి. నగలు తీసి ఇవ్వమని రోడ్డు మీద అడిగే పోలీసు ఉండడని, ఎవరైనా అలా అడిగితే తీయకుండా దగ్గరలోని దుకాణంలోకి నడవమని మీ ఇంట్లోని పెద్దలకు ఇప్పుడే చెప్పండి.

ఎదురుపడిన క్షణంలో

కత్తి కనిపించినా, ఇద్దరు ముగ్గురు చుట్టుముట్టినా అడిగింది ఇచ్చేయండి. ఆత్మరక్షణ హక్కు, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు గల సెక్షన్లలో ఉన్నది నిజమే, అందులో ఆస్తిని కాపాడుకునే హక్కు కూడా ఉంది. అయితే హక్కు ఉన్నది కదా అని ఆ క్షణంలో దాన్ని ప్రయోగించి తీరాలని లేదు. బ్యాగు పట్టీ భుజానికి అడ్డంగా వేసుకున్నవారు దాన్ని వదలకపోతే బైక్ వెంట ఈడ్చుకుపోబడతారు. గొలుసును గట్టిగా పట్టుకుంటే మెడ కోసుకుపోతుంది. వస్తువును వాళ్ళ వైపు పెట్టి, రెండు చేతులూ కనబడేలా ఉంచి, ఒకటి రెండు అడుగులు వెనక్కి వేయండి.

ఆ కాసేపట్లో ముఖం కేసి తేరిపార చూడటం ప్రమాదకరం, పైగా భయంలో చూసిన ముఖం సరిగా గుర్తుండదు. చెప్పులు, చేతి మీద మచ్చ, మాట్లాడిన యాస, బైక్ రంగు, నంబరు పలకలోని చివరి అంకెలు, వెళ్ళిన దిక్కు, వీటిలో రెండు మూడు పట్టుకోగలిగితే చాలు. వాళ్ళు కనుమరుగైన వెంటనే, ఎవరితోనూ మాట్లాడక ముందే, వాటిని పైకి అనుకుంటూ కాగితం మీద రాయండి. చుట్టూ చేరినవారు “ఎర్ర బైకే కదా” అంటే మీ జ్ఞాపకంలో నల్ల బైక్ ఎర్రబడుతుంది.

మొదటి గంట

ముందు అత్యవసర సహాయ నంబరు 112కు ఫోన్ చేయించండి. గాయమైతే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి, గాయం ఎలా అయిందో డాక్టరు చేత రాయించుకోండి. ఆ కాగితం తరువాత కేసు బరువునే మార్చగలదు. జరిగిన చోట ఏ దుకాణానికి, ఏ ఇంటికి కెమెరా ఉందో చూసి రాసుకోండి. చాలా కెమెరాల్లో కొద్ది రోజులకే పాత దృశ్యాల మీద కొత్తవి పడిపోతాయి కనుక, చెరపవద్దని వారిని ఆ రోజే అడగాలి.

ఫోన్ పోయినట్లయితే పక్కవారి ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా లావాదేవీలను, యూపీఐని ఆపించండి. అప్పటికే డబ్బు వెళ్ళిపోయి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పండి. ఎంత తొందరగా చెబితే, అవతలి ఖాతాలో ఆ డబ్బు కదలకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా జరిగిన అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీని మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారు మీద భారం పడకూడదు. మీరు తెలియజేసిన తరువాత జరిగే నష్టం ఎలాగూ బ్యాంకుదే. తప్పు ఖాతాదారుదే అని నిరూపించవలసిన బాధ్యత కూడా బ్యాంకు మీదే ఉన్నది. అందువల్ల ఫోన్ చేసిన సమయాన్ని, ఇచ్చిన ఫిర్యాదు సంఖ్యను తప్పక రాసుకోండి.

తరువాత పాత సిమ్‌ను ఆపించి, అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోవాలి. కొత్త సిమ్‌కు మొదటి 24 గంటల్లో ఎస్సెమ్మెస్‌లు రావు. భద్రత కోసం పెట్టిన నియమం అది. ఓటీపీ రాలేదని కంగారుపడి మళ్ళీ మళ్ళీ దుకాణానికి తిరగనక్కరలేదు. ఆ గడువు దాటాక, పోలీసు ఫిర్యాదు కాపీతో కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో, పోయిన ఫోన్లను ఆపించే సీఈఐఆర్ విభాగంలో ఐఎంఈఐ సంఖ్య ఇచ్చి ఫోన్‌ను పనిచేయకుండా చేయించాలి. 2023 మే నెలలో దేశమంతటా మొదలైన ఈ ఏర్పాటు వల్ల, ఆ ఫోన్‌లో ఎవరు కొత్త సిమ్ వేసినా ఆ జాడ పోలీసులకు చేరుతుంది, ఈ దారిలో తిరిగి దొరికిన ఫోన్లు చాలా ఉన్నాయి. మ్యాప్‌లో ఫోన్ ఫలానా ఇంటి దగ్గర ఉన్నట్లు కనిపించినా మీరు స్వయంగా వెళ్ళవద్దు. ఆ చుక్క ఒక వాడ మొత్తాన్ని చూపించవచ్చు, మీరు తట్టిన తలుపు ఏ పాపమూ తెలియని వారిది కావచ్చు.

స్టేషన్‌లో ఏమి రాయాలి

ఎక్కువ మంది నష్టపోయేది ఈ మెట్టు దగ్గరే. స్టేషన్‌లో ఫిర్యాదులు రాసుకునే రైటర్ తరచుగా చెప్పే మాట, “ఫోన్ ఎక్కడో పోయిందని రాసివ్వండి, రసీదు ఇస్తాం, కొత్త సిమ్‌కు అది చాలు” అని. వినడానికి సహాయంగానే ఉంటుంది, తొందరగా బయటపడవచ్చు కూడా. కానీ “పోయింది” అని రాస్తే అక్కడ నేరమే లేదు, దర్యాప్తు ఉండదు, ఆ వీధిలో దోపిడీ జరిగినట్లు లెక్కల్లోకి రాదు, గస్తీ పెరగదు.

రెండో ప్రమాదం దీనికన్నా సూక్ష్మమైనది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్ కింద, లాక్కొని పోవడం 304 కింద, బెదిరించిగానీ గాయపరిచిగానీ చేసే దోపిడీ 309 కింద, అయిదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది కలిసి చేసే దోపిడీ 310 కింద వస్తాయి. లాక్కొని పోతే మూడేళ్ళ వరకు, దోపిడీకి పదేళ్ళ వరకు శిక్ష ఉంది. సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య రహదారి మీద చేసే దోపిడీకి అది పద్నాలుగేళ్ళ వరకు వెళుతుంది. అయితే 5,000 రూపాయల కన్నా తక్కువ విలువైన వస్తువు దొంగతనం అయితే, మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరాల జాబితాలోకి అది వెళ్ళింది. లాక్కొని పోవడానికి ఇలాంటి విలువ హద్దు లేదు. అంటే 3,000 రూపాయల ఫోన్ ఉన్న మనిషి చేతిలోంచి దాన్ని లాక్కెళ్ళినప్పుడు ఎవరైనా దానిని “దొంగతనం” అని రాసేస్తే, ఆ కేసు మొదలవకుండానే ఆగిపోతుంది. ఖరీదైన ఫోన్ ఉన్నవారికి ఈ చిక్కు లేదు. వస్తువు చవకదైన కొద్దీ రాసే మాట పట్ల అంత జాగ్రత్త అవసరం.

కనుక ఫిర్యాదును ఇంటి దగ్గరే రాసుకొని వెళ్ళండి. నమూనా ఇలా ఉండవచ్చు: “ఫలానా తేదీ సాయంత్రం సుమారు 7.40 గంటలకు నేను పని ముగించుకొని ఫలానా బస్టాపు నుంచి ఇంటికి నడిచి వెళుతుండగా, నల్లరంగు మోటారు సైకిల్ మీద వెనుక నుంచి వచ్చిన ఇద్దరిలో వెనుక కూర్చున్న వ్యక్తి నా కుడి చేతిలో ఉన్న ఫోన్‌ను బలవంతంగా లాక్కొన్నాడు. నేను పడిపోయి మోచేతికి గాయమైనది. వారు ఫలానా వైపు వెళ్ళిపోయారు. ఫోన్ ఐఎంఈఐ సంఖ్య ఇది. కేసు నమోదు చేసి దర్యాప్తు చేయవలసినదిగా కోరుతున్నాను.” కత్తి చూపితే చూపారని, చంపుతామన్నారంటే ఆ మాట వారన్నది అన్నట్లే రాయాలి. జరగనిది ఒక్క ముక్క కూడా కలపకూడదు. గొలుసు తెగి సగం మీ దగ్గర మిగిలితే ఆ ముక్కను కడగకుండా, అతికించకుండా కవరులో పెట్టి చూపండి.

కేసుల నమోదు, దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. “అది మా పరిధి కాదు” అని పంపించకూడదు. జీరో ఎఫ్ఐఆర్ అని మనం వింటున్నది ఇదే. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం చేయాలి. రాయడం రానివారు నోటితో చెప్పినా దాన్ని రాసుకొని, చదివి వినిపించి, ఆ తరువాతే సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల నేరం గురించి సమాచారం వస్తే నమోదు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో చెప్పింది. కొత్త చట్టం మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష గల నేరాలకు డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ముగిసే ప్రాథమిక విచారణకు వీలు కల్పించింది. ఆ మాట చెప్పి పంపించేస్తే, అనుమతి తీసుకున్నారా, ఏ తేదీకి ముగుస్తుంది అని మర్యాదగా అడిగి రాసుకోండి. నమోదుకు నిరాకరిస్తే ఎస్పీకి, కమిషనరేట్ అయితే డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టులో అదే ఫిర్యాదు పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళే హక్కు ఉంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో మీకు తెలియజేయవలసిన బాధ్యత కూడా పోలీసులదే.

ఇవన్నీ చదివి అడగగలిగినవారికి స్టేషన్‌లో కుర్చీ దొరుకుతుంది. మీ ఇంట్లో పనిచేసే ఆమె ఫోనో, మీ వీధి చివర తోపుడు బండి అతని రోజు సంపాదనో పోయినప్పుడు “స్టేషన్‌కు వెళ్ళు” అని చెప్పి ఊరుకోకుండా, ఫిర్యాదు మీరు రాసిచ్చి, వీలైతే తోడు వెళ్ళండి. ఆ పూట కూలి ఆమెకు తగ్గకుండా చూడండి. న్యాయవాది అవసరమైతే జాతీయ న్యాయసేవల సంస్థ నంబరు 15100. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు, షెడ్యూల్డ్ కులాల, తెగల వారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. దోపిడీలో గాయపడి పని చేయలేని స్థితి వస్తే, జిల్లా న్యాయసేవల సంస్థ ద్వారా బాధితుల పరిహార పథకానికి దరఖాస్తు పెట్టవచ్చు.

సొత్తు దొరికినప్పుడు

రికవరీ అయిన గొలుసు కేసు ముగిసేదాకా స్టేషన్‌లోనే ఉండాలని చాలామంది అనుకుంటారు. అలా ఉండనక్కరలేదు. ఫొటోలు తీసి, పంచనామా రాసి, మీ దగ్గర పూచీకత్తు తీసుకొని వస్తువును అప్పగించాలని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది, నాగరిక్ సురక్షా సంహితలోని 497వ సెక్షన్ ఈ పనికి గడువులు కూడా పెట్టింది. మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయండి. బిల్లు, ఫొటో ముందే దాచమన్నది ఇందుకే.

గుర్తుపట్టమన్నప్పుడు, అనుమానం వచ్చినప్పుడు

నిందితుణ్ణి గుర్తుపట్టడానికి పిలిస్తే, ఖచ్చితంగా తెలిస్తేనే అవునని చెప్పండి. “ఇతనే అయి ఉంటాడు” అన్న సందేహం ఉంటే ఆ సందేహాన్నే చెప్పండి. నిందితుణ్ణి ఇతరుల మధ్య నిలబెట్టి చూపే గుర్తింపు పరేడ్‌కు ముందే మీకు ఎవరి ఫొటో అయినా చూపించి ఉంటే ఆ సంగతి మేజిస్ట్రేటుకు చెప్పాలి. 2022 చివరికి మన జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది, అంటే 75.8 శాతం, విచారణ ఖైదీలే. వారిలో జామీను ఇచ్చే మనిషి లేక, పూచీకత్తు డబ్బు లేక ఉండిపోయిన పేదలు ఎందరో. మీరు తొందరపడి చూపిన వేలు అలాంటివారి మీద పడితే, తప్పు దిద్దుకోవడానికి నెలలు పడుతుంది, అప్పటికి ఆ ఇంట్లో సంపాదన ఆగిపోయి ఉంటుంది.

ఆర్థిక అసమానత ఎక్కువైన చోట దోపిడీలు ఎక్కువగా ఉంటాయన్నది నిజమే. ఫాన్సిల్‌బర్, లెడర్‌మన్, లోయాజా అనే ఆర్థికవేత్తలు అనేక దేశాల లెక్కలు పోల్చి 2002లో ఈ సంబంధాన్ని చూపారు. దేశం సగటు ఆదాయాన్ని పక్కన పెట్టి చూసినా, అంతరం ఎక్కువున్న చోట హత్యలు, దోపిడీలు ఎక్కువగా కనిపించాయి. మన దేశంలో 2022-23 నాటికి పై ఒక్క శాతం మంది చేతిలో మొత్తం ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం ఉన్నట్లు పారిస్‌లోని ప్రపంచ అసమానతల పరిశోధనశాల అంచనా వేసింది. కానీ సమాజం గురించి చెప్పే ఈ సంబంధాన్ని తీసుకొచ్చి ఎదురుగా నిలబడిన మనిషికి అంటగట్టడం అన్యాయం. పేదల్లో అత్యధికులు ఎవరి సొత్తూ ముట్టరు. రాత్రి షిఫ్టు ముగించుకొని దీపాల్లేని దారిన నడిచేది, దోపిడీకి గురయ్యేది ఎక్కువగా వారే.

మన తెలుగు నేల మీద ఈ అంటగట్టడానికి చట్టం రూపం కూడా ఉండేది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. పుట్టుకతోనే మనుషులను దొంగలుగా లెక్కగట్టి, హాజరు వేయించి, సెటిల్‌మెంట్లలో ఉంచారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఎరుకలను అలా ఉంచడానికి పుట్టిన ఊరే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. అయినా ఆ ఊరి పేరు చెబితే కనుబొమ్మలు ఎగరేసే అలవాటు ఇప్పటికీ పోలేదు. ఆ చట్టం నుంచి బయటపడిన విముక్త జాతులను పుట్టు నేరస్థులుగా చూసే రాతలను జైలు నియమాల నుంచి తొలగించమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న చెప్పవలసి వచ్చింది.

కాబట్టి కాలనీ వాట్సాప్ గ్రూపులో “అనుమానాస్పద వ్యక్తి” అంటూ చిత్తుకాగితాలు ఏరుకునేవారి, దుప్పట్లు అమ్ముకునేవారి ఫొటోలు పెట్టవద్దు. ఎవరైనా పెడితే, ఆ మనిషి ఏ పని చేస్తుండగా చూశారని అడగండి. దోపిడీ చేస్తూ ఎవరైనా పట్టుబడితే ఆపి ఉంచే హక్కు పౌరులకు ఉంది, కానీ ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటలు మించకుండా, పోలీసులకు అప్పగించాలని నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతోంది. స్తంభానికి కట్టేయడం, కొట్టడం, వీడియో తీసి తిప్పడం నేరాలు. గుంపు చేరుతున్నట్లు కనిపిస్తే వెంటనే 112కు ఫోన్ చేసి, పోలీసులు వచ్చేదాకా అతని పక్కన నిలబడటానికి ఇద్దరిని తోడు తెచ్చుకోండి.

వీధిగా చేయగలిగినవి

గేటు పెట్టడం, కాపలా మనిషిని పెట్టడం మీ లోపలి రోడ్డుకు మేలు చేస్తాయి. గేటు బయటి నుంచి బస్టాపు వరకు ఉన్న దారికి అవి ఏమీ చేయవు. మీ కాపలా మనిషి, వంటమనిషి నడిచి వచ్చేది ఆ దారినే. 2016లో న్యూయార్క్‌లో కొన్ని పేదల నివాస సముదాయాలను చీటీ వేసినట్లు ఎంపిక చేసి అదనపు దీపాలు పెడితే, రాత్రివేళ ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు మూడోవంతుకు పైగా తగ్గాయి. అందువల్ల కాలనీ సంఘం నిధులు ఉంటే ముందు దీపాల మీద పట్టు పట్టండి.

కూలి ఇచ్చే స్థానంలో ఉంటే శనివారం సాయంత్రం అందరి చేతిలో ఒకేసారి నగదు పెట్టే పద్ధతి మానండి. ఆ సాయంత్రం అందరి జేబులో డబ్బుంటుందని కూలీలకే కాదు, కాచుకొని ఉన్నవారికీ తెలుసు. ఖాతాలో వేయండి, నగదే కావాలంటే వేర్వేరు రోజుల్లో, పగటిపూట ఇవ్వండి. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం పేదలకిచ్చే సహాయాన్ని చెక్కులకు బదులు కార్డు ద్వారా ఇవ్వడం మొదలుపెట్టిన తరువాత నేరాలు దాదాపు పదోవంతు తగ్గినట్లు 2017లో వెలువడిన పరిశోధన చెప్పింది. చదువు మానేసిన పదహారు పదిహేడేళ్ళ పిల్లలు వీధిలో ఉంటే, వారి మీద కన్నేసి ఉంచడం కన్నా తిరిగి బడికి గానీ పని నేర్పే చోటుకు గానీ పంపడం ఎక్కువ ఫలితమిస్తుంది. బ్రెజిల్ 2008లో పేద కుటుంబాలకిచ్చే బోల్సా ఫమీలియా అనే నగదు సహాయాన్ని సరిగ్గా ఆ వయసు పిల్లలకు విస్తరించినప్పుడు, సావో పాలో నగరంలో ఆ బడుల చుట్టుపక్కల నేరాలు తగ్గాయి. ఓపెన్ స్కూల్ ఫీజు, ఐటీఐ దరఖాస్తు వంటివి ఒక వీధి కలిసి భరించగల ఖర్చులే.

దీపాల కోసం మున్సిపాలిటీకి రాసేటప్పుడు “మా ప్రాంతంలో చీకటిగా ఉంది” అని రాస్తే ఆ కాగితం కదలదు. ఒక రాత్రి నలుగురు కలిసి నడిచి, వెలగని ప్రతి స్తంభం నంబరు, ఏ రోజు నుంచి వెలగడం లేదో రాయండి. ఆ నడక మీ గేటు దగ్గర ఆపకుండా, పక్కనున్న బస్తీ లోపలి సందుల గుండా బస్టాపు దాకా సాగించండి. అక్కడివారి చేత కూడా సంతకాలు పెట్టించి, ఒక కాపీ స్టేషన్‌లో బీట్ చూసే కానిస్టేబుల్‌కు ఇచ్చి, రెంటి మీదా తేదీతో అందినట్లు ముద్ర వేయించుకోండి.